పాటిదిబ్బ నుంచి పీజీ సీటు దాకా: పురావస్తు, మానవశాస్త్రం, ప్రాచీన భాషలు చదవాలనుకునే మన వైపు పిల్లలకి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారంలో, మళ్ళీ డిగ్రీ ఆఖరి సెమిస్టర్ అయిపోయాక నాకు వచ్చే ఫోన్లలో ఒకటే ప్రశ్న. "అన్నా, ఆర్కియాలజీ చదవాలని ఉంది, ఎక్కడ చేరమంటారు?" నేను వెంటనే యూనివర్సిటీ పేరు చెప్పను. మీది ఏ ఊరు అని అడుగుతాను. తెనాలి అంటారు, సత్తెనపల్లి అంటారు, పటమట అంటారు. మీ చుట్టుపక్కల పాటిదిబ్బ ఉందా, ఎప్పుడైనా ఎక్కి చూశారా అనేది నా రెండో ప్రశ్న.

కృష్ణా, గుంటూరు పల్లెల్లో పాత రైతుల్ని అడిగితే పాటిదిబ్బ అంటే ఏమిటో చెప్తారు. ఎప్పుడో ఊరు ఉండి, పాడైపోయి, మట్టిలో కలిసిపోయిన చోటు అది. వందల ఏళ్ళ బూడిద, పేడ, ఎముకలు కలిసిన మట్టి కాబట్టి చేనుకి బలమని బళ్ళ మీద తోలుకుపోయి చల్లుకునేవాళ్ళు. ఆ తవ్వకాల్లో పూసలు, లోపల నలుపు బయట ఎరుపు ఉన్న కుండపెంకులు, ఒక్కోసారి శాతవాహనుల సీసపు నాణేలు బయటపడేవి. అంటే మీరు పుస్తకంలో చదవాలనుకుంటున్న సబ్జెక్టు మీ ఊరి చేలల్లో ఎప్పటినుంచో చల్లి ఉంది. అందుకే నేను చెప్పేది ఒక్కటే: కోర్సు పేరు బావుందని చేరకండి. అప్లికేషన్ పెట్టే ముందు మూడు నెలల ఆదివారాలు కేటాయించి, పురావస్తు శాస్త్రం, మానవశాస్త్రం, ప్రాచీన భాషలు మూడింటినీ ఇక్కడే, బస్సు చార్జీల ఖర్చుతో రుచి చూడండి. మట్టి దగ్గర ఓపిగ్గా కూర్చోగలరా, మనుషుల దగ్గరా, అక్షరాల దగ్గరా అన్నది తేలాక సీటు సంగతి మాట్లాడుకుందాం.

మూడింటికీ తేడా క్లుప్తంగా చెప్తాను. పురావస్తు శాస్త్రం మట్టిలో, రాతిలో, పెంకుల్లో మనుషుల్ని వెతుకుతుంది. మానవశాస్త్రం బతికున్న మనుషుల మధ్య కూర్చుని వాళ్ళ పెళ్ళిళ్ళు, పంపకాలు, దేవుళ్ళు, తిండి ఎలా నడుస్తాయో చూస్తుంది, శరీరాల్నీ జన్యువుల్నీ చదివే కొమ్మ కూడా దానికి ఉంది. విదేశీ యూనివర్సిటీల్లో క్లాసిక్స్ అనేది గ్రీకు, లాటిన్ భాషలు, వాటి సాహిత్యం, ఆ కాలపు లోకం. మన దగ్గర ఆ చోటులో సంస్కృతం, ప్రాకృతం, పాళీ, పాత తెలుగు ఉన్నాయి.

మొదటి ఆదివారం అమరావతి వెళ్ళండి. గుంటూరు నుంచి 30 పైచిలుకు కిలోమీటర్లు, బస్సులు బోలెడు. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, మ్యూజియానికి సెలవు. లోపలికి వెళ్ళి అన్నీ చుట్టి రావద్దు. ఒక్క ఫలకాన్ని ఎంచుకుని దాని ముందు గంటసేపు నిలబడి, నోటుబుక్కులో పెన్సిలుతో బొమ్మ గీయండి. మీకు డ్రాయింగ్ రాకపోయినా సరే, గీయాలి, ఎందుకంటే ఫోటో తీస్తే కన్ను అక్కడితో పని అయిపోయిందనుకుంటుంది, గీస్తుంటే మాత్రం ఆ మనిషి చేతిలో ఉన్నది ఏమిటి, ఆ ఆడమనిషి కాళ్ళకి అన్ని కడియాలేమిటి, గుర్రానికి కళ్ళెం ఎలా కట్టారు అని ఒక్కో ప్రశ్నా బయటికి వస్తుంది. స్తూపం బొమ్మనే చెక్కిన ఫలకం కనిపిస్తే దాన్ని వదలకండి. అసలు మహాచైత్యం, అంటే అమరావతి పెద్ద స్తూపం, ఎలా ఉండేదో ఈ రోజు మనం ఊహించగలుగుతున్నాం అంటే ఎక్కువగా అలాంటి ఫలకాల వల్లే.

తర్వాత బయటికొచ్చి స్తూపం ఉన్న చోటికి నడవండి. గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్ళు, అంతే. చాలామంది ఇక్కడే నిరుత్సాహపడతారు. కానీ ఆ ఖాళీ వెనక కథ తెలిస్తే ఈ చదువు ఎందుకో అర్థమవుతుంది. ఊళ్ళోవాళ్ళు దీపాలదిన్నె అని పిలుచుకున్న ఈ చోటుకి ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో మొదటిసారి వచ్చాడు. అప్పటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టిస్తుండటంతో రాళ్ళు ఇళ్ళలోకీ మెట్లలోకీ పోతున్నాయి. మెకంజీ 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడిమధ్య చెరువు తవ్వేసి ఉంది. ఆయన తన మనుషులతో బొమ్మలు గీయించి పెట్టాడు కాబట్టి ఆ తర్వాత పోయిన కొన్ని రాళ్ళ ఆనవాలైనా మిగిలింది. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కి ఓడెక్కాయి. ఇప్పుడు అమరావతి స్తూపం చూడాలంటే అమరావతి, చెన్నై ఎగ్మోరు మ్యూజియం, లండన్ బ్రిటిష్ మ్యూజియం మూడూ తిరగాలి. ఏ రాయి ఏ దిక్కున, ఏ ఎత్తున, దేని పక్కన ఉండేదో రాసిపెట్టకుండా ఎత్తుకుపోయిన వాటికి ఆ వివరం మళ్ళీ రాదు. మా క్లాసులో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నూరిపోసింది ఇదే, వస్తువు కంటే అది దొరికిన చోటు విలువైనది.

అందుకే ఒక మాట గట్టిగా చెప్తున్నాను. పాటిదిబ్బ మీదికి వెళ్ళండి, చూడండి, ఫోటో తీసుకోండి, ఎక్కడ ఏం కనిపించిందో రాసుకోండి, కానీ పెంకు కూడా జేబులో వేసుకోవద్దు, పార పట్టుకుని తవ్వడం అసలే వద్దు. రక్షిత స్థలాల్లో లైసెన్సు లేకుండా తవ్వడం 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం నేరం. పాత విగ్రహాలు, నాణేల అమ్మకాల మీద 1972 చట్టం వేరే ఉంది. గుప్తనిధులని రాత్రిపూట గుళ్ళ దగ్గర గోతులు తవ్వేవాళ్ళ వార్తలు చూస్తూనే ఉంటాం, వాళ్ళు పోగొట్టేది బంగారాన్ని కాదు, మళ్ళీ ఎవరూ చదవలేని పొరల్ని. మీ ఊళ్ళో జేసీబీ దిబ్బని లేపేస్తుంటే, లేదా పునాది తవ్వకంలో ఏదైనా బయటపడితే తహసీల్దారుకి, రాష్ట్ర పురావస్తు శాఖకి కబురు పెట్టండి.

మరో ఆదివారం ఉండవల్లి. విజయవాడ వాళ్ళకి కృష్ణ దాటితే చాలు. అందరూ పైకెక్కి పడుకున్న అనంతశయనుడి దగ్గర దండం పెట్టుకుని దిగిపోతారు. దండం పెట్టుకోండి, కానీ కింది అంతస్తులో కాసేపు ఆగండి. అక్కడ పని సగంలో ఆగిపోయింది. పూర్తయిన గుహ మీకు ఫలితాన్ని చూపిస్తుంది, ఆగిపోయిన గుహ పని జరిగిన తీరుని చూపిస్తుంది. ఉలి దెబ్బలు ఏ వైపు నుంచి పడ్డాయి, స్తంభాన్ని ఎక్కణ్ణుంచి విడగొట్టడం మొదలెట్టారు అని వెతకడం మొదలుపెడితే మీకు టైం తెలియదు. తెలియకపోతే మంచిదే, అది మీ సబ్జెక్టు. గంటలో ఆవలింతలు వస్తే కంగారు పడకండి, ఇంకా రెండు ఉన్నాయి.

మానవశాస్త్రం రుచి చూడటానికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, అమ్మమ్మ పక్కన కూర్చుంటే చాలు. తెల్లకాగితం మీద నాలుగు తరాల వంశవృక్షం గీయండి, మగవాళ్ళకి త్రికోణం, ఆడవాళ్ళకి సున్నా, ప్రపంచమంతా ఇదే పద్ధతి. ఎవరు ఎవర్ని చేసుకున్నారు, పిల్ల ఏ ఊరి నుంచి వచ్చింది, ఎంత దూరం, మేనరికాలు ఎన్ని, ఏ తరంలో ఆగిపోయాయి, పొలం ఎవరికి పోయింది, పసుపు కుంకుమ కింద ఏం ఇచ్చారు. నాన్న అన్నదమ్ముల పిల్లలు మనకి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అవుతారు. మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు మాత్రం బావలు, వదినలు, మరదళ్ళు అవుతారు. మనకి ఇది గాలిలా మామూలు. అయితే అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో బంధుత్వాల మీద వేసిన పెద్ద గ్రంథంలో తమిళం, తెలుగు వరసల్ని పట్టికలేసి మరీ చర్చించాడు, ఆ తర్వాత ద్రావిడ బంధుత్వం అనేది ప్రపంచంలో ఏ మానవశాస్త్ర విద్యార్థి అయినా చదవాల్సిన అధ్యాయం అయింది. అక్కడి పిల్లలు చార్టు ముందేసుకుని కుస్తీ పడే విషయాన్ని మీరు పెళ్ళి పందిట్లో నేర్చుకున్నారు. మా అమ్మమ్మ దగ్గర నేను ఈ పని చేసినప్పుడు మూడో తరంలో ఒక సున్నా దగ్గర ఆవిడ ఆగిపోయి, చాలాసేపు మాట్లాడలేదు. చిన్నప్పుడే పోయిన చెల్లెలు, ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తరు. ఆ రోజు నేను పెన్ను పక్కన పెట్టేశాను. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఫీల్డ్‌వర్కే.

ఇంటి నుంచి బయటికి వెళ్ళాలంటే కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కే వీధి ఉంది, గుంటూరు మిర్చి యార్డు ఉంది. యార్డులో ఒక పొద్దంతా కూర్చుని, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగిన దగ్గర్నుంచి కాటా అయ్యేదాకా రైతు ఎవరితో ఏ మాట అంటున్నాడో, హమాలీలు ఎలా పని పంచుకుంటున్నారో, ధర చెప్పేటప్పుడు ఎవరి ముఖం ఎటు తిరుగుతుందో రాసుకోండి. ఆ రాత్రే ఇంటికొచ్చి పూర్తిగా రాయాలి, తెల్లారితే సగం పోతుంది. ఎవర్నైనా అడిగేముందు మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో చెప్పండి, వద్దంటే ఊరుకోండి, అడక్కుండా ఫోటో తీయకండి. బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1915–18 మధ్య న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఏళ్ళ తరబడి ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని చేసినదీ ఈ పనే, సూటిగా చెప్పాలంటే వాళ్ళతో ఉండటం, చూడటం, రాయడం. మన దగ్గర నల్లమల చెంచుల మధ్య 1940ల్లో ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అలాగే తిరిగాడు, హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేట గ్రామం మీద ఎస్.సి. దూబే రాసిన పుస్తకం 1955లో వచ్చింది.

మూడోది అక్షరం. చాలామంది దీనికి భయపడతారు, కానీ నా లెక్కలో ముందుగా ఫలితం కనిపించేది ఇక్కడే. బ్రాహ్మీ లిపి రోజుకి అరగంట కూర్చుంటే రెండు మూడు వారాల్లో పట్టుబడుతుంది, మన తెలుగు లిపికి అది ముత్తవ్వ, గుణింతం పద్ధతి అదే. జేమ్స్ ప్రిన్సెప్ 1837లో ఈ లిపిని విప్పినప్పుడు ఆయనకి దారి చూపింది సాంచీ దగ్గర చిన్న చిన్న శాసనాల చివర పదే పదే వచ్చిన ఒక మాట, 'దానం'. అక్షరాలు వచ్చాక మళ్ళీ అమరావతి వెళ్ళి ఫలకాల అంచుల మీద ఆ మాట కోసం వెతకండి. దొరుకుతుంది. మొదటిసారి సొంతంగా 'దానం' అని చదివిన రోజు నేను మ్యూజియంలో కాపలా ఉన్న పెద్దాయన్ని పిలిచి మరీ చూపించాను, ఆయన నాతో పాటు వంగి చూసి, "ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నా, ఇది రాతని తెలియదు బాబూ" అన్నాడు. అమరావతికి దానాలిచ్చినవాళ్ళు రాజులు మాత్రమే కాదు. భిక్షుణులున్నారు, గృహిణులున్నారు, వ్యాపారులున్నారు, విధికుడు అనే తోలుపని చేసే ఆయన పేరు కూడా రాతి మీద ఉంది. ఏ రాజవంశ చరిత్రా చెప్పని మనుషులు వీళ్ళు. ఆ శాసనాల భాష ప్రాకృతం. భట్టిప్రోలు ధాతుకరండాల (బౌద్ధ అవశేషాలు దాచిన పెట్టెల) మీద దొరికిన రాతలు ఇంకా పాతవి, అలెగ్జాండర్ రే 1892లో వాటిని బయటికి తీశాడు. బ్రాహ్మీలో అదొక ప్రత్యేకమైన రకం, లిపుల చరిత్ర చదివేవాళ్ళు భట్టిప్రోలు పేరు ఎత్తకుండా ముందుకు వెళ్ళలేరు.

తెలుగు వైపు రావాలంటే కడప జిల్లా రేనాటి చోళుల శాసనాలతో మొదలుపెట్టండి, 6వ శతాబ్దానివి, ఆ తర్వాత 848 నాటి అద్దంకి పండరంగని శాసనం తరువోజ పద్యంలో ఉంది, యుద్ధమల్లుడి బెజవాడ శాసనం మధ్యాక్కరలో ఉంది. నన్నయకి ముందే బెజవాడలో పద్యం రాతికెక్కింది అన్నమాట. తెలుగుకి 2008లో ప్రాచీన హోదా వచ్చింది, ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం నెల్లూరులో ఉంది. పాళీ, ప్రాకృతాలకి ఆ హోదా 2024లో వచ్చింది.

గ్రీకు, లాటిన్ అంటే మనకేం సంబంధం అని అడిగేవాళ్ళు ఉంటారు. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు ఎర్ర సముద్రం నుంచి ఇటు వచ్చే ఓడల కోసం రాసిన దారి పుస్తకంలో మసాలియా అనే తీరం, అక్కడి సన్నని బట్టలు ఉన్నాయి, అది మన మచిలీపట్నం వైపు తీరమే. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టోలెమీ మైసోలోస్ అన్న నది మన కృష్ణే. ఆయన చెప్పిన కొంటకొస్సీల అనే ఊరు కృష్ణా జిల్లా ఘంటసాలే అని పండితులు గుర్తించారు. వినుకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఈ గ్రీకు వాక్యాల్ని మూలంలో చదవగలిగి, ఘంటసాల మట్టినీ ఎరిగిన తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. ఈ ఖాళీ ఎవరైనా నింపితే బావుండునని నాకు చాలా కోరిక.

ఇంకో ముచ్చట కూడా చెప్పి ముందుకెళ్తా. హోమర్ కావ్యాలు రాతలో పుట్టాయా, నోట పుట్టాయా అన్న వివాదం తేల్చడానికి మిల్మన్ ప్యారీ అనే క్లాసిక్స్ పండితుడు 1933–35లో యుగోస్లావియా వెళ్ళి, చదువురాని గాయకులు వేల పాదాల కథల్ని అప్పటికప్పుడు ఎలా అల్లుతున్నారో రికార్డు చేశాడు. అంటే గ్రీకు తెలుసుకోవడానికి ఫీల్డ్‌వర్క్ చేశాడు. మన పల్నాడులో కారెంపూడికి రండి, కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో ఘట్టంగా పల్నాటి వీరుల పండగ జరుగుతుంది. వీరుల ఆయుధాల్ని ఊరేగిస్తారు, కథ పాడతారు. అమెరికా నుంచి జీన్ రోఘైర్ వచ్చి ఈ పల్నాటి వీరుల కథని అలిశెట్టి గాలెయ్య నోట విని రికార్డు చేసి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా పుస్తకం వేశాడు. వీరుల గుడి రాళ్ళు పురావస్తు శాస్త్రానికి, పండగ మానవశాస్త్రానికి, కథ సాహిత్యానికి అని మీరు గీతలు గీయలేరు అక్కడ. మూడూ ఒకే వీధిలో నడుస్తుంటాయి.

సరే, సీటు సంగతి. పీజీకి బీఏ హిస్టరీనే ఉండాలన్న భయం వద్దు, చాలా చోట్ల ఏ డిగ్రీ అయినా తీసుకుంటారు, అర్హత మాత్రం ప్రతి ఏడూ నోటిఫికేషన్‌లో మీ కళ్ళతో చదవండి, ఎవరో చెప్పింది నమ్మి ఆగిపోకండి. ప్రవేశ పరీక్షలంటే, ఏపీ రాష్ట్ర యూనివర్సిటీలకి ఏపీ పీజీసెట్, సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ. ఇంటికి దగ్గరగా ఉండాలంటే మన నాగార్జున యూనివర్సిటీలోనే చరిత్ర, పురావస్తు శాఖ ఉంది, బౌద్ధ అధ్యయనాలూ ఉన్నాయి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాఖతో పాటు మానవశాస్త్ర శాఖ కూడా ఉంది, ఒకే క్యాంపస్‌లో రెండూ కావాలనుకునేవాళ్ళకి నేను ముందు చెప్పేది అదే. ఆంధ్రా యూనివర్సిటీ మానవశాస్త్ర శాఖ పాతది, పేరున్నది. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ మానవశాస్త్రానికి, ఉస్మానియా పురావస్తు శాస్త్రానికి. సంస్కృతం మీద మనసుంటే తిరుపతిలో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం.

తవ్వకమే జీవితం అనుకునేవాళ్ళు పుణె దక్కన్ కాలేజీ, బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, బెనారస్ వైపు చూడండి. అక్కడ ల్యాబులు ఉంటాయి, ఎముకలకి ఒకరు, గింజలకి ఒకరు, రాతి పనిముట్లకి ఒకరు ఉంటారు. ఎంఏ అయ్యాక భారత పురావస్తు సర్వే వాళ్ళ రెండేళ్ళ పీజీ డిప్లొమా గ్రేటర్ నోయిడాలో ఉంది, సీట్లు చాలా తక్కువ, స్టైపెండ్ ఇస్తారు, ఫీల్డ్ ట్రైనింగ్ గట్టిగా ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ మానవశాస్త్రం చదవాలంటే ఇగ్నో ఎంఏ ఉంది. విదేశాల్లో క్లాసిక్స్ కావాలంటే స్కాలర్‌షిప్ లేకుండా పొలం అమ్మి వెళ్ళకండి, ఫెలిక్స్, చీవెనింగ్, కామన్వెల్త్ లాంటివి ఏడాది ముందునుంచే చూసుకోండి.

ఎంపీసీ, బైపీసీ పిల్లలు "మాకు పనికిరాదేమో" అంటారు. మీరే కావాలి. కార్బన్-14 సగానికి తగ్గడానికి 5730 ఏళ్ళు పడుతుందన్న ఒక్క భౌతిక సూత్రం మీద దాదాపు 50,000 ఏళ్ళ దాకా కాలనిర్ణయం నడుస్తోంది. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో సుమారు 74,000 ఏళ్ళ కిందట ఇండోనేషియాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద పొర దొరికింది, ఆ బూడిద కిందా పైనా రాతి పనిముట్లు ఉన్నాయి. ఆ బూడిద ఎక్కడిదో రసాయన పరీక్ష తేల్చింది. హర్యానాలోని సింధు నాగరికత స్థలం రాఖీగఢీలో దొరికిన అస్థిపంజరం డీఎన్ఏ ఫలితాలు 2019లో వచ్చాయి. జువాలజీ, జెనెటిక్స్ చదివినవాళ్ళకి భౌతిక మానవశాస్త్రంలో తలుపు తెరిచే ఉంది. సివిల్ వాళ్ళకి సర్వే వచ్చు, కంప్యూటర్స్ వాళ్ళు క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్ నెల రోజుల్లో నేర్చుకోగలరు, ఏ క్యాంపులోనైనా వాళ్ళ కోసం ఎదురుచూస్తుంటారు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి అసలు టెన్షన్ ఇంగ్లీషు. పాఠ్యపుస్తకాలు, రిపోర్టులు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. నేను చేసింది ఏమిటంటే, రెండు వరసల నోటుబుక్కు ఒకటి పెట్టి, ఇటు ఇంగ్లీషు మాట, అటు దానికి మన ఊరి మాట రాసుకుంటూ పోయాను. ట్రోవెల్ అంటే తాపీ, యాష్ మౌండ్ అంటే బూడిద దిబ్బ, మెగాలిత్ అంటే పల్నాడులో అందరూ అనే రాకాసి గూళ్ళు. ఆరు నెలల్లో రెండు నోటుబుక్కులు నిండాయి, భయం పోయింది. ఈ-పీజీ పాఠశాల అనే ఆన్‌లైన్ సైటులో మానవశాస్త్రం, భారతీయ సంస్కృతి పాఠాలు ఉచితంగా ఉన్నాయి. తవ్వకాల వార్షిక నివేదికల్ని పురావస్తు సర్వే ఏటా వేసింది, అందులో మన జిల్లా పేర్లు వెతుక్కుంటూ చదవండి, నాగార్జునకొండ దగ్గర ఆగిపోతారు. 1926లో బయటపడిన ఇక్ష్వాకుల రాజధాని అది. సాగర్ నీళ్ళ కింద మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా గడియారంతో పోటీపడి లోయంతా తవ్వారు. ఇక తెలుగులో చదవాలంటే మెకంజీ కైఫియత్తులు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి మనవాళ్ళు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్న ఊళ్ళ చరిత్రలు అవి. మీ ఊరిది ఉందేమో వెతకండి.

కోర్సులో చేరాక మొదటి ఫీల్డ్ క్యాంపే మిమ్మల్ని తేలుస్తుంది. ఐదు మీటర్లకి ఐదు మీటర్ల ట్రెంచి (కొలిచి తవ్వే గొయ్యి), తాపీతో గీకుతూ పొర పొరగా దిగడం, మట్టి రంగు మారితే ఆగడం, ప్రతి పెంకునీ ఏ ట్రెంచి, ఏ పొర, ఎంత లోతు అని చీటీతో సహా సంచిలో వేయడం. మధ్యాహ్నం పెంకులు కడగడం, ఆరబెట్టడం, నంబర్లు వేయడం, రాత్రి డైరీ. మొదటి క్యాంపులో ట్రెంచి గోడలోంచి నునుపైన పెంకు అంచు ఒకటి బయటికి కనిపిస్తుంటే ఆగలేక లాగేశాను. గోడ మీద పొరల గీతలన్నీ ఆ ముక్కతో పాటు చేతిమందాన రాలిపోయాయి. మా సూపర్‌వైజర్ కేకలేయలేదు, పని ఆపించి, రాలిన చోటుని నాతోనే కొలిపించి, "ఇక్కడ విద్యార్థి వల్ల గోడ దెబ్బతిన్నది" అని సైట్ నోటుబుక్కులో నాతోనే రాయించారు. ఆ వాక్యం నాకు ఇప్పటికీ చేతికి అడ్డం పడుతుంది, ఏదైనా లాగబోయేముందు.

ఇంట్లో ఏం చెప్పాలన్నది చివరికి వచ్చే ప్రశ్న, నిజానికి చాలామందికి మొదటి ప్రశ్న. మా నాన్న అడిగింది ఒక్కటే, "చదివితే జీతం ఎవరిస్తార్రా?" ఆ ప్రశ్నని తప్పించుకోకండి, నిజం చెప్పండి. పోస్టులు తక్కువ. పురావస్తు సర్వే, మానవశాస్త్ర సర్వే, రాష్ట్ర శాఖ, మ్యూజియాలు, యూనివర్సిటీలు, నోటిఫికేషన్లు ఏళ్ళకోసారి పడతాయి. మధ్యలో కాంట్రాక్టు మీద తవ్వకాల్లో పనిచేయాల్సి వస్తుంది. యూజీసీ నెట్ పరీక్షలో మానవశాస్త్రం, పురావస్తు శాస్త్రం విడివిడి సబ్జెక్టులు. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధనకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000 రూపాయలు, ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యే అంకె అదే, అది చెప్పండి. సివిల్స్‌లో మానవశాస్త్రం 500 మార్కుల ఆప్షనల్, మనవాళ్ళు చాలామంది తీసుకుంటారు, అయితే ఆప్షనల్ కోసం ఎంఏ చేయొద్దు, ఎంఏ చేసినవాళ్ళకి ఆప్షనల్ సుఖం, అంతవరకే. బీఎడ్ చేసి టీచరుగా స్థిరపడి సెలవుల్లో శాసనాలు చదివే దారి కూడా గౌరవమైనదే, తెలుగునాట శాసన పరిశోధన చేసినవాళ్ళలో అలాంటివాళ్ళు ఎందరో ఉన్నారు. అమ్మానాన్నల్ని ఒకసారి మీతో పాటు అమరావతి తీసుకెళ్ళండి. మా నాన్న అక్కడ దానం అన్న రాత మీద వేలు పెట్టి చూపిస్తుంటే ఏమీ అనలేదు, బస్సులో వచ్చేటప్పుడు మాత్రం "అప్లికేషన్ ఆఖరు తేదీ ఎప్పుడు?" అన్నాడు.

సీటు వచ్చి క్యాంపుకి బయల్దేరే రోజు సంచిలో ఏం వేసుకోవాలో చెప్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. పొడుగు చేతుల నూలు చొక్కాలు నాలుగు, తలకి కట్టుకోవడానికి తువ్వాలు, మూసి ఉండే బూట్లు, ఎందుకంటే పాటిమట్టిలో తేళ్ళు ఉంటాయి. పెన్నులు కాదు పెన్సిళ్ళు, చెమట తగిలితే ఇంకు అలుక్కుపోతుంది. చిన్న టేపు, భూతద్దం, గళ్ళ కాగితాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టార్చిలైటు. తాపీ మాత్రం గుంటూరులోనే హార్డ్‌వేర్ షాపులో చిన్నది కొనుక్కుని వెళ్ళండి, మూడు వేళ్ళ వెడల్పు, పిడి మీ అరచేతికి సరిపోయేది, దాని మీద మీ పేరు గీకి పెట్టుకోండి, క్యాంపులో అన్నిటికంటే ముందు పోయేది అదే.